మారుపేరు చాటున

పొద్దున్నే రాయవరంలో మండపేట బస్సు కోసమో, రామచంద్రపురం బస్సు కోసమో నిలబడే కాలేజీ పిల్లల్లో ఒక అమ్మాయికి ఆటపాటలంటే ప్రాణమనుకుందాం. ఇంట్లో చెబితే చదువు మాన్పించి సంబంధం చూస్తారని భయం. అందుకని ముఖం కనపడనీయకుండా, లేని పేరొకటి పెట్టుకుని, తన ఆటను సెల్‌ఫోనులో లోకానికి చూపుతుంది. వేలమంది మెచ్చుకుంటారు. పక్క గదిలో ఉన్న తల్లికి మాత్రం తెలియదు. ఇలాంటి పిల్ల ఏ ఊళ్లోనైనా ఉండవచ్చు. తప్పంతా ఆమెదేనని తేల్చేసే ముందు పెద్దలు కాస్త వెనక్కి చూడవలసి ఉంది.

ఈ దాపరికం గోదావరి సీమకు కొత్త కాదు. మురమండ, ముమ్మిడివరం, బల్లిపాడు వంటి ఊళ్ల కలావంతుల మేళాలు ఒకప్పుడు పెళ్లిళ్లలోనూ దేవుడి ఉత్సవాల్లోనూ ఆడేవి. ఆడపిల్లలను దేవుడికి అంకితమిచ్చే ఆచారాన్ని 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసి నిషేధించింది. ఆ దురాచారం పోవలసిందే. కాని దానితోపాటు విద్యకూ మచ్చ అంటింది. భామాకలాపం, పదాలు, జావళులు కంఠతా వచ్చిన స్త్రీలు తలుపులు మూసుకుని అభినయించుకున్నారు. సొంత పిల్లలకు నేర్పడానికే జంకారు. తర్వాత నటరాజ రామకృష్ణ వంటివారు వెతుక్కుంటూ వచ్చి ఒప్పిస్తేగాని ఆ కళ మళ్లీ వెలుగు చూడలేదు. బల్లిపాడుకు చెందిన సరిదె మాణిక్యమ్మ పెద్ద వయసులో బయటివారికి నేర్పబట్టి కొంతైనా మిగిలింది. తలుపుల వెనకే పోయినదెంతో ఎవరు లెక్క చెప్పగలరు?

చిత్రమేమంటే, బాపట్ల నుంచి వచ్చిన స్థానం నరసింహారావు చీరకట్టి సత్యభామగా నడిచి వస్తే జనం బ్రహ్మరథం పట్టారు. 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆయన దానికి అన్నివిధాలా అర్హుడే. అయితే మగవాడు ఆడవేషం కడితే కళ, ఆడపిల్ల గజ్జె కడితే అప్రతిష్ఠ!

రాజమండ్రిలో పుట్టిన జానకి మద్రాసు రేడియోలో మాట్లాడుతుంటే ఆ గొంతు విని సినిమావారు కబురు పెట్టారు. ఇంట్లో ససేమిరా అని పెళ్లి చేశారు. పెళ్లయ్యాకే 1950లో ‘షావుకారు’లో నటించి, ఆ సినిమా పేరే ఇంటిపేరుగా నిలుపుకొన్నారు. అందరికీ అంతటి గట్టిదనం ఉండదు.

రేడియోకూ సెల్‌ఫోనుకూ ఒక తేడా ఉంది. రేడియో విన్నవాడు ఇంటిదాకా రాడు. ఫోనులో చూసినవాడు గోడ మీది క్యాలెండరును బట్టి, వాకిలిని బట్టి ఊరూ పేరూ ఆరా తీయగలడు. ‘మీ నాన్నకు చెబుతా’ అన్న ఒక్క మాటతో డబ్బు అడగగలడు, అంతకంటే నీచమైనదీ అడగగలడు. ఇంట్లో ముందే తెలిసి ఉంటే ఆ బెదిరింపుకు పసలేదు. ఇంట్లో వాళ్లంటే జడిసే పిల్లకు అదే ఉరితాడు. అలాంటి ఆపద వస్తే 181 నంబరుకు ఫోను చేసి సాయం అడగవచ్చని ప్రతి ఆడపిల్లకూ తెలియాలి.

తండ్రులు ఒక్కసారి కూతురి ఆట కూర్చుని చూస్తే సగం భయం పోతుంది. మిగతా సగం ఉపాధ్యాయుల చేతిలో ఉంది. వార్షికోత్సవానికి పేర్లు రాసుకునే ముందు వారు ఆ ఇళ్లకు వెళ్లి మాట్లాడాలి. రిహార్సళ్లు ఆఖరి బస్సు వెళ్లిపోయేదాకా సాగనీయకూడదు. తల్లి చూడవస్తానంటే ఆమెకూ ఒక కుర్చీ వేయాలి.