గడ్డ తీసినా తొలగని గండం

శ్రీకాకుళం జిల్లాలోని మందస, పలాస, టెక్కలి ప్రాంతాల్లో క్యాన్సర్ ప్రస్తావన వస్తే రెండు మాటలు వినిపిస్తాయి. ‘గడ్డ తీసేశారు, ఇక భయం లేదు’ అన్నది ఒకటి. ‘కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతుంది’ అన్నది మరొకటి. మొదటి నమ్మకం శస్త్రచికిత్స తర్వాతి వైద్యాన్ని మాన్పిస్తుంది. రెండోది శస్త్రచికిత్సనే మాన్పిస్తుంది. రెండూ ప్రాణాంతకమే.

ఒక కణితిని తొలగిస్తే శరీరంలోని ఇతర కణుతులు ఎలా స్పందిస్తాయన్నది శతాబ్దానికి పైబడిన శాస్త్ర ప్రశ్న. బోస్టన్‌లోని జూడా ఫోక్‌మన్ బృందం 1994లో ఒక కీలక కారణాన్ని వెలికితీసింది. ఎలుకల్లో మూల కణితి ప్రభావంతో రక్తంలో చేరే యాంజియోస్టాటిన్ అనే పదార్థం, ఊపిరితిత్తుల్లోని చిన్న కణుతులకు కొత్త రక్తనాళాలు ఏర్పడకుండా అడ్డుకుంటోందని తేల్చింది. మూల కణితిని తీసేయగానే ఆ అడ్డు తొలగి, అణిగి ఉన్నవి విజృంభించాయి.

మనుషుల్లో ఈ వ్యవహారం ఇంత సూటిగా ఉండదు. రొమ్ము క్యాన్సర్ అప్పటికే ఇతర అవయవాలకు పాకిన 350 మందిపై ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. కణితి తొలగించినంత మాత్రాన ఆయుష్షు పెరగలేదు. పైగా దూర అవయవాల్లో వ్యాధి ముదరడం శస్త్రచికిత్స జరిగినవారిలోనే త్వరగా కనిపించింది. మరోవైపు, పాకిన మూత్రపిండ క్యాన్సర్‌లో ఇంటర్‌ఫెరాన్ ఔషధ చికిత్సకు ముందు ఆ మూత్రపిండాన్ని తీయించుకున్నవారే ఎక్కువకాలం జీవించారని 2001లో తేలింది. వ్యాధి రకం, దశ తెలియకుండా కత్తి పట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అయితే తొలిదశలో శస్త్రచికిత్సే వైద్యానికి పునాది. ఆ దశలో ఉన్న 1,600 మంది రొమ్ము క్యాన్సర్ బాధిత మహిళలపై జరిగిన మరో భారతీయ అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. కోతకు ముందు కణితి చుట్టూ చవకైన లిడోకైన్ మత్తుమందు ఇస్తే, అయిదేళ్లపాటు వ్యాధి తిరగబెట్టనివారు 82.6 నుంచి 86.6 శాతానికి పెరిగారు. శస్త్రచికిత్సకు ముందూ వెనుకా తీసుకునే జాగ్రత్తలే ఎందరి ప్రాణాలనో నిలబెడతాయనడానికి ఇది నిదర్శనం.

ఆ జాగ్రత్తలే ఇక్కడ అందనంత దూరంలో ఉన్నాయి. పలాస జీడి పరిశ్రమలో పిక్కలు ఒలిచే మహిళ తదుపరి పరీక్షకు దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖ వెళ్లాలంటే తన కూలీతోపాటు తోడు వచ్చేవారి కూలీనీ వదులుకోవాలి. కుట్లు మానాయి, నొప్పి లేదు అనుకున్న ఇంట్లో ఆ ప్రయాణం వాయిదా పడుతుంది. వ్యాధి మాత్రం ఆగదు.

ముక్క పరీక్ష, స్కానింగ్, నిపుణుల ఉమ్మడి నిర్ణయం లేకుండా క్యాన్సర్ కణితిపై కోత పెట్టకుండా వైద్య నియంత్రణ వ్యవస్థలు కట్టడి చేయాలి. శస్త్రచికిత్స జరిగిన ప్రతి ఒక్కరి వివరాలూ జిల్లా ఆరోగ్య యంత్రాంగం నమోదు చేసి, గడువు తప్పినవారి ఇంటికి గ్రామస్థాయి సిబ్బందిని పంపాలి. ఆరోగ్య బీమా పథకాలు తదుపరి పరీక్షలనూ, ప్రయాణ ఖర్చులనూ భరించాలి. మూత్రపిండ వ్యాధిపై ఇదే జిల్లాలోని ఉద్దానం ప్రజలు ఏళ్ల తరబడి గళమెత్తాకే డయాలసిస్ కేంద్రాలు చేరువయ్యాయి. క్యాన్సర్ రోగులకు అంతటి వ్యవధి లేదు. గడ్డ తీయడంతో వైద్యం ముగిసిందని ప్రభుత్వాలూ, కుటుంబాలూ భావించడం తక్షణం మానాలి.