నిదానమే ప్రధానం

మన రహదారుల పక్కన తరచుగా కనిపించే హెచ్చరిక 'నిదానమే ప్రధానం'. మెల్లగా వెళ్ళమని దాని భావం. అయితే సంస్కృతంలో నిదానమంటే మూలకారణం. రోగకారణాన్ని నిర్ణయించడం కూడాను. ఆయుర్వేదంలో రోగాల కారణాలనూ లక్షణాలనూ వివరించే ప్రసిద్ధ గ్రంథానికి 'మాధవ నిదానం' అనే పేరు. మనం ఆ మాటను తెచ్చుకొని నెమ్మదితనానికి వాడుకుంటున్నాం. ఈ రెండర్థాలకూ దగ్గరి చుట్టరికం ఉన్నదని నాకు నేర్పిన గురువు నిఘంటువు కాదు, ఒక కారు రేడియేటరు ఫ్యాను.

2022 నవంబరులో ఒక సాయంత్రం. విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర వాహనాల మధ్య ఇరుక్కున్నాం. మాది ఇరవయ్యేళ్ళు దాటిన చిన్న కారు. ముందునుంచి ఆవిరి లేచింది. పక్కకు తీసి బానెట్టు ఎత్తి చూస్తే రేడియేటరు వెనుక ఫ్యాను కదలడం లేదు. నాన్నగారు రేడియేటరు మూత తిప్పబోతుంటే చెయ్యి పట్టుకొని ఆపాను. ఆ మూత లోపలి నీటిని ఒత్తిడిలో ఉంచుతుంది. అందువల్లనే అది నూరు డిగ్రీలు దాటినా మరగదు. మూత తియ్యగానే ఒత్తిడి పోయి, ఆ నీరంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

దగ్గరలోని మెకానిక్కు వచ్చాడు. చల్లారేదాకా ఆగి నీళ్ళు పోశాడు. బ్యాటరీనుంచి ఒక తీగ లాగి, తాళంచెవి తిప్పితే చాలు ఫ్యాను తిరిగేటట్టు కలిపాడు. "డైరెక్టు చేసేశాను సార్, ఇంక బెంగ లేదు" అన్నాడు. మూడువందలు తీసుకున్నాడు. ఫ్యాను బ్రహ్మాండంగా తిరిగింది. నేనూ సంతోషించాను.

అంబాసిడరు వంటి పాత కార్లలో ఫ్యానును ఇంజనే బెల్టుతో తిప్పేది. ఇంజను నడిచినంతసేపూ అదీ తిరగవలసిందే. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక మన దగ్గర అడ్డంగా అమర్చిన ఇంజన్లు సామాన్యమయ్యాయి. అక్కడ రేడియేటరు ముందున, ఇంజను అడ్డంగా ఉంటుంది గనుక ఆ బెల్టు ఏర్పాటు కుదరదు. కరెంటు ఫ్యాను పెట్టారు. అది అవసరమైనప్పుడే తిరుగుతుంది. కారు వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలే చాలు. నిలిచినప్పుడే ఫ్యానుతో పని. కనుక ఊళ్ళో ఆగినప్పుడు మాత్రమే వేడెక్కి, రహదారి ఎక్కగానే చల్లబడే కారులో ఫ్యానును అనుమానించవచ్చు. రహదారి మీద కూడా వేడెక్కుతుంటే దోషం వేరే చోట ఉన్నదన్నమాట.

2023 మే నెలలో నాన్నగారిని కంటి పరీక్షకు హైదరాబాదు తీసుకువెళ్తుండగా, సూర్యాపేట దాటాక ఇంజను శక్తి కోల్పోయి ఆగిపోయింది. ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉన్నది! డెబ్బయ్యెనిమిదేళ్ళ మనిషిని ఆ ఎండలో రెండు గంటలు తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టవలసి వచ్చింది. ఆ రెండు గంటలు నేను మరచిపోలేను. కారును లాగించుకొని సూర్యాపేట చేరాం. అక్కడి షెడ్డులో ఒక పెద్దాయన ఆయిలు పుల్ల తీసి చూపించారు. ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంది. హెడ్డు గాస్కెట్టు పోయి, నీరు ఆయిలులో కలిసింది.

ఆయన అంతటితో ఆగలేదు. వాటరు పంపు కింద ఎండిపోయిన చార ఒకటి చూపించారు. నెలల తరబడి చుక్క చుక్కగా కారిన నీటి గుర్తు అది. హెడ్డు పని పూర్తయ్యాక, పంపు మార్చి, నీళ్ళు నింపి, ఆ తీగ పీకేసి ఇంజను నడిపించారు. కాసేపటికి ఫ్యాను దానంతటదే తిరిగింది. నేను తెల్లబోయాను. "ఫ్యానుకు తిరగమని ఎవరో చెప్పాలి గదా బాబూ. చెప్పేవాడు నీళ్ళలో మునిగి ఉంటేనే చెప్తాడు" అన్నారాయన.

చెప్పేవాడంటే రేడియేటరుకు బిగించి ఉండే ఉష్ణపు స్విచ్చి. నీటి మట్టం తగ్గి అది గాలిలో తేలితే, ఇంజను ఉడికిపోతున్నా దానికి తెలియదు. బెంజి సర్కిల్ దగ్గర జరిగింది అదే. ఆనాడు నీళ్ళు పోసిన తరువాత తీగ లేకపోయినా ఫ్యాను తిరిగేది. పని చేసింది నీరు, కీర్తి దక్కింది తీగకు. తిరుగుతున్న ఫ్యానును చూస్తూ ఆరు నెలలు నేను మూత తీసి నీటి మట్టం చూడనే లేదు.

ఫ్యాను తిరగకపోవడం వ్యాధి కాదు, లక్షణం. దాని వెనుక కారణాలు అనేకం. వాటిని ఒక వరుసలో అడగాలి. మొదట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు నీళ్ళున్నాయా? తరువాత, రేడియేటరు నిజంగా వేడెక్కిందా? పై గొట్టం కాలిపోతూ కింది గొట్టం చల్లగా ఉంటే థర్మోస్టాటు మూసుకుపోయి ఉండవచ్చు. వేడినీరు రేడియేటరులోకి రానప్పుడు ఫ్యాను తిరగకపోవడం దాని తప్పు కాదు. ఆపైన ఫ్యూజు. అది మళ్ళీ మళ్ళీ పోతుంటే పెద్దది వెయ్యకూడదు. మోటారు బిగుసుకుందో, తీగ ఎక్కడైనా ఒరుసుకుందో చూడాలి. తరువాత రిలే. దాని స్థానంలో అదే నంబరున్న మరొక రిలే పెట్టి చూస్తే క్షణంలో తేలిపోతుంది. తరువాత మోటారుకు బ్యాటరీనుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడాలి. తిరిగితే మోటారు నిర్దోషి. అప్పుడు మిగిలేవి స్విచ్చీ, తీగలూ, తుప్పు పట్టిన ఎర్తు కనెక్షనూ. కంప్యూటరుతో నడిచే కొత్త కార్లలో సెన్సారు తీగలను కలిపి చూడడం తగదు, స్కానరు పెట్టాలి. ఒకే ఫ్యాను రెంటికీ పనిచేసే కార్లలో అయితే ఏసీ వేసి చూడడం అన్నిటికన్న సులువు: అప్పుడు తిరిగితే మోటారు బాగున్నట్టే. ఒక్క జాగ్రత్త: ఇంజను ఆపినా కొన్ని కార్లలో ఫ్యాను హఠాత్తుగా తిరుగుతుంది. వేళ్ళు దూరంగా ఉంచాలి.

వీటిలో చాలావాటికి కావలసినవి ఒక టెస్టు ల్యాంపు, అరగంట ఓపిక. మరి ఎందుకు చెయ్యరు? తప్పంతా ఆ విజయవాడ కుర్రవాడిదేనని చాలాకాలం తిట్టుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. అతడు అరగంట వెతికి "నీళ్ళు తగ్గాయి సార్, కారణం కనుక్కోవాలి, రేపు తీసుకురండి" అని ఉంటే నేను మూడువందలు ఇచ్చేవాడినా? ఇవ్వను. నీళ్ళు పోసినందుకు డబ్బులేమిటని అడిగి ఉండేవాడిని. సామానుకు ఇస్తాం, తీగ చుట్టినందుకు ఇస్తాం, ఆలోచించినందుకు ఇవ్వం. ఆలోచనకు కూలి లేని చోట తీగలే మిగులుతాయి. ఆ మూడువందల పొదుపుకు నేను చెల్లించినది పద్దెనిమిదివేలు, నాన్నగారి రెండు గంటల ఎండ అదనం.

డైరెక్టు చెయ్యడం ఎన్నటికీ తప్పని నేననను. రాత్రివేళ, దారిమధ్యలో, ఇల్లు చేరడానికి అది ఆపద్ధర్మం. ఆపద్ధర్మాన్ని నిత్యధర్మం చేసుకోవడమే దోషం. ఫ్యూజు లేని సన్నని తీగలో పది ఆంపియర్ల పైచిలుకు కరెంటు పారుతుంటే నిప్పు భయం ఉండనే ఉన్నది. అంతకన్న పెద్ద అపాయం, మనతో నిజం చెప్పే ఒకే ఒక గొంతును మన చేతులతోనే నొక్కెయ్యడం.

సూర్యాపేట పెద్దాయన బిల్లులో కారణం వెతికినందుకు పైసా వెయ్యలేదు. నేను అయిదువందలు విడిగా ఇవ్వబోతే "ఇదెందుకు బాబూ?" అన్నారు. "నిదానానికి" అన్నాను. మెల్లగా పని చేసినందుకు అనుకొని కాబోలు, కొంచెం నొచ్చుకున్నారు. ఆ మాటకున్న రెండో అర్థం చెప్పాక నవ్వి జేబులో పెట్టుకున్నారు.