దిద్దుబాటు ఎవరికి?

గురజాడ అప్పారావుగారి 'దిద్దుబాటు' 1910 ఫిబ్రవరిలో ఆంధ్రభారతి పత్రికలో వెలువడినది. నాటినుండి నేటివరకు ఎన్ని తరాల విద్యార్థులు దానిని చదివినారో లెక్క లేదు. అది తెలుగున తొలి కథానిక అవునా కాదా అని ఒక వాదం ఉన్నది. భండారు అచ్చమాంబగారి 'ధనత్రయోదశి' 1902లోనే వచ్చినదని తెలిసినవారు ఆ వాదాన్ని ఎంతో దూరం సాగనీయరు. ఆ పేచీలో నాకు ఆసక్తి లేదు. కథను మనం బడిలో చదివే తీరుమీదనే నా అభ్యంతరం.

పాఠం ముగియగానే ఉపాధ్యాయుడు "ఇందలి నీతి యేమి?" అంటాడు. సానిపాటలకు పోరాదని పిల్లలు ఏకకంఠంతో పలుకుతారు. మార్కులు పడతాయి. ఇంతటితో గురజాడవారి పని అయిపోయినట్లే!

నీతి అదే అయితే కథ మొదటి ఘట్టంలోనే ముగియవలసినది. అర్ధరాత్రి దాటి ఇల్లు చేరిన గోపాలరావు గడపవద్దనే, ఇక పాటకు పోరాదని తీర్మానించుకుంటాడు. లోపల భార్య కనబడక, ఆ కోపంలో నౌకరు రాముణ్ణి కొట్టి, వెంటనే చింతించి, వాణ్ణి లేవనెత్తి వీపు నిమురుతాడు. కమలిని వ్రాసిపెట్టిన ఉత్తరం చదివిన పిమ్మట మూడవమారు వగచుతాడు. పశ్చాత్తాపం ఆయనకు చలిజ్వరం వలె వచ్చిపోతూ ఉంటుంది. విద్యావతియైన స్త్రీయే సృష్టిలో శ్రేష్ఠురాలని, ఇంగ్లీషువారిని సాక్ష్యానికి పిలిచి మరీ ఉపన్యసించేది ఎవరికి? అంతకు మునుపే తనచేత దెబ్బలు తిన్న నౌకరుకు! ఇంత కఠినమైన హాస్యాన్ని గ్రంథకర్త చిరునవ్వుతో చెప్పి ఊరుకున్నాడు. మనమేమో దానిని నీతివాక్యంగా నల్లబల్లమీద ఎక్కిస్తున్నాము.

ఇక కమలిని ఉత్తరం. భర్త సభలపేరు చెప్పి రాత్రులు ఎక్కడ గడుపుతున్నాడో ఆమెకు తెలిసిపోయినది. అయినా ఆమె శాపనార్థాలు పెట్టలేదు, ఏడ్వలేదు. తాను ఇంట ఉండుటచేతనే గదా ఆయన అబద్ధమాడవలసి వస్తున్నది, కనుక పుట్టినింటికి పోతానన్నది. దీనిని వినయమని కొందరు మెచ్చుకొంటారు. నాకు మాత్రం ఇది పదునైన అధిక్షేపంగా తోస్తుంది. సంబోధనలో కూడా చనువు పోయి మర్యాద వచ్చి కూర్చున్నది. గోపాలరావు మొదట గుర్తించినదీ ఆ మార్పునే.

మా జమ్మలమడుగు ప్రాంతపు బడులలో ఈ కథకు మరొక చిక్కు ఉన్నది. రాముడి పలుకుబడి ఉత్తరాంధ్రది. పెన్న ఒడ్డున పుట్టిన బిడ్డలకు అది వింతగా వినబడి, వాడు నోరు తెరిచినప్పుడల్లా తరగతి అంతా గొల్లున నవ్వుతుంది. వాడు ఏమన్నాడో ఆ నవ్వులో కొట్టుకుపోతుంది. పుట్టింటినుండి కమలినిని పిలుచుకురమ్మని గోపాలరావు నేర్పిన మాటలు వల్లించుతూ, వాడు తన సొంత హితవు ఒకటి జోడిస్తాడు: ఆడవారు యజమాని మాట విని అణగి ఉండకపోతే ఆయన సానిని తెచ్చి పెట్టుకుంటాడని. ఒకసారి నేను ఆ హితవును మా సీమ మాటలో చెప్పి చూచినాను: "ఏం జేచ్చావు మ్మే, మొగోడు జెప్పినట్టు ఇనుకోని ఇంట్లో పడుండు." తరగతిలో నవ్వు ఆగిపోయినది. ఆ మాట వారు తమ అవ్వల నోట విన్నదే.

మంచం క్రిందనుండి కమలిని నవ్వూ, గాజుల చప్పుడూ వినబడేది సరిగా ఈ హితవు ముగిసినప్పుడే. భర్త మారినందుకు ఆమె సంతోషించినదని పాఠ్యసహాయక పుస్తకాల వ్యాఖ్య. అట్లయితే ఆయన బుద్ధి వచ్చినదని ఒప్పుకొన్నప్పుడే నవ్వవలసినది గదా! అప్పుడు ఆమె మౌనంగానే ఉన్నది. ఇంటి యజమాని సంస్కారమంతా నౌకరు నోటిలో పడి ఎట్లా తలక్రిందులైనదో విన్న తరువాతనే నవ్వినది. అసలు, భార్య పోయినదని నమ్మినవాడు తానై బయలుదేరక నౌకరును పంపజూడడం కూడా ఆమె విన్నదే.

ఇబ్సెన్ నాటకంలో నోరా తలుపు మూసి వెళ్ళిపోయినది 1879లో. కమలిని ఇల్లు దాటలేదు గనుక ఆమెది పిరికితనమని కొందరు మిత్రులు వాదిస్తారు. నేను సమ్మతించలేను. నోరా వెళ్ళిన పిమ్మట ఆ భర్త ఏమన్నాడో ఆమె వినలేదు. తాను లేని ఇంటిలో తన భర్త ఎట్లా మాట్లాడుతాడో ఆసాంతం విన్న ఇల్లాలు కమలిని.

పులివెందుల సీమలో పుట్టిన రాచమల్లు రామచంద్రారెడ్డిగారు 'సంవేదన' పత్రిక నడిపి, నిర్మొగమాటమైన విమర్శకు మన జిల్లాలో ఒక బాట వేసినారు. ఆ బాటను బడి గడపదాకా తేవడానికి పెద్ద గ్రంథాలు అక్కరలేదు. నీతి ప్రశ్నను ఒక్క సంవత్సరం పక్కనపెట్టి, దానికి బదులు ఇట్లా అడిగి చూడండి: రేపు రాత్రి గోపాలరావు ఎక్కడ ఉంటాడు? మా తరగతిలో అడిగితే మగపిల్లలు ఇంటిలోనే ఉంటాడన్నారు. వెనుక వరుస బాలిక ఒకతె లేచి, "ఆయమ్మ ఇంకా ఎన్ని రాత్రులు మంచం కింద దాక్కోవాల సార్?" అన్నది.