ఏడువందల రెండు గుఱ్ఱముల బండి

అమెరికాలోని బంధువులు పంపు ఛాయాచిత్రములను చూచి మన గ్రామములలోని యువకులు కొందఱు ఈ నడుమ పెద్ద పికప్ ట్రక్కులను గూర్చి విశేషముగా ముచ్చటించుకొనుచున్నారు. టెక్సాసు మొదలగు రాష్ట్రములలో తెలుగు కుటుంబములు వేలకొలదిగా స్థిరపడి యుండుటచే ఆ ప్రాంతపు బండ్ల వార్తలు మనకు పొరుగూరి సంత వార్తలవలె చేరుచున్నవి. ఏడువందల గుఱ్ఱముల బలము గల బండి యొకటి కలదనియు, సేద్యమున కట్టిదే తగుననియు చెప్పుకొనుట మేమును వింటిమి. బండిని చూచి ముచ్చటపడుటకు మా కభ్యంతరము లేదు. సేద్యమునకు తగునన్న మాటను మాత్రము కొంచెము తూచి చూడవలసి యున్నది.

ఈ జాతి బండ్లలో మిక్కిలి పేరుమోసినది ర్యామ్ 1500 టి.ఆర్.ఎక్స్. అనునది. దీనిని 2020లో ప్రకటించి, 2021 నమూనాగా అమ్మకమునకు పెట్టి, 2024 నమూనాతో ఆ తరమును ముగించిరి. ఇంజను 6.2 లీటర్లది, సిలిండర్లు ఎనిమిది. గాలిని బలవంతముగా సిలిండర్లలోనికి నొక్కు సూపర్‌ఛార్జరు అను సాధనము దానికి తోడు. అందువలన 702 అశ్వశక్తి పుట్టుచున్నది. ఇంచుమించు 2,900 కిలోల బరువు గల ఈ బండి నిలిచిన చోటు నుండి గంటకు 60 మైళ్ల వేగము నందుకొనుటకు నాలుగున్నర సెకండ్లు చాలునని తయారుదారులు ప్రకటించిరి. దీనికి పోటీగా ఫోర్డు కంపెనీవారు 2023 నమూనాగా రాప్టర్ ఆర్ అను బండిని 700 అశ్వశక్తితో తెచ్చిరి. రెండు గుఱ్ఱములు తక్కువైనందుకు వారెంత చింతించిరో!

ఇక బరువు సంగతి. టి.ఆర్.ఎక్స్. మోయదగిన బరువు 1,310 పౌనులని కంపెనీవారే వ్రాసిరి. అనగా 594 కిలోలు. ఇందులో ఎక్కిన మనుష్యుల బరువును చేరియుండును. మనిషి కొక్కింటికి 70 కిలోల చొప్పున అయిదుగురు ఎక్కినచో 350 కిలోలు పోయి 244 కిలోలు మిగులును. 75 కిలోల ధాన్యపు బస్తాలు మూడు వేయవచ్చును, నాలుగవది వేయరాదు. తొట్టి పొడవా, అయిదడుగుల ఏడంగుళములు.

ఇంత బలము గల బండి ఇంత తక్కువ మోయుట యేలయని చదువరులు అడుగవచ్చును. అశ్వశక్తి యనునది ఎంత బరువు మోయునన్న లెక్క కాదు. ఒక పనిని ఎంత త్వరగా చేయగలదన్న లెక్క. మంచి ఎద్దుల జత సుమారు ఒక అశ్వశక్తి గలదని చెప్పుదురు. ఆ జతయే నిదానముగా నడచి టన్ను బరువు బండిని ఇల్లు చేర్చుచున్నది. మోయుటకు కావలసినవి గట్టి స్ప్రింగులు, గట్టి ఇరుసు, గట్టి చట్రము. టి.ఆర్.ఎక్స్.ను ఎడారి ఇసుకలో, గుంటలపైన, అతివేగముగా తోలుటకై నిర్మించిరి. దాని చక్రములు 13 అంగుళముల వఱకు పైకి క్రిందికి ఆడుచుండును. అట్లాడుటకు స్ప్రింగులు మెత్తగా నుండవలెను. మెత్తని స్ప్రింగు బరువు నోర్వదు. అదే కుటుంబపు సామాన్యమైన ర్యామ్ 1500, రకమును బట్టి, 2,300 పౌనుల వఱకు మోయును. లాగుటలోను ఇదే వింత. టి.ఆర్.ఎక్స్. 8,100 పౌనుల ట్రైలరును లాగగా, 395 అశ్వశక్తి గల సామాన్యపు బండి, తగిన ఇరుసు అమర్చినచో, 12,750 పౌనులు లాగును. పందెపుటెద్దునకును దుక్కిటెద్దునకును గల భేదము నెఱిగిన మనకు ఇది క్రొత్త సంగతి కాదు.

బండిని నిందించుట మా యుద్దేశము కాదు. తాను చేయదలచిన పనిని అది చక్కగా చేయుచున్నది. నేలకును బండి అడుగునకును నడుమ ఇంచుమించు అడుగు ఎడము కలదు. 32 అంగుళముల లోతు నీటిలో నడచును. కాలిఫోర్నియా ఎడారిలో వినోదమునకై తోలుకొనువారికి ఇంతకన్న మంచి బండి దొరకుట అరుదు. సంపన్నుడు తన సొమ్ముతో వినోదమును కొనినచో మన కేల? వినోదమును పనిముట్టని పిలిచి, ఆ పేరుతో అప్పు చేయుటయే మాకు సమ్మతము కాదు.

అమెరికాలో పికప్ బండి మొదట రైతునకై పుట్టినదే. 1925లో ఫోర్డు కంపెనీ తన మోడల్ టి బండికి కర్మాగారముననే తొట్టిని అమర్చి 281 డాలర్లకు అమ్మెను. దాని బలము 20 అశ్వశక్తి. టి.ఆర్.ఎక్స్. వెల మొదటనే ఇంచుమించు 70 వేల డాలర్లు. అచ్చట ఇట్టి బండ్లకు ఆరేండ్లు, ఏడేండ్లు వాయిదాలు కట్టువారు కలరు. పశువుల ట్రైలరును నిత్యము లాగవలసిన ఆ దేశపు రైతులు పలువురు ఈ బండి జోలికి పోక, 2500, 3500 అను అంకెలు గల బరువు రకములను, తఱచుగా డీజిలు ఇంజనుతో, కొనుచున్నారు. ఫొటోలలో ఆ బండ్లు మనవారి కంటబడవు కాబోలు.

మన దారిపై తిరుగు బండి నొకదానిని దీని ప్రక్కన నిలుపుదము. 2005లో టాటావారు ఏస్ బండిని విడుదల చేసినపుడు దాని ఇంజను 702 ఘన సెంటీమీటర్లది. బలము 16 అశ్వశక్తి. మోయు బరువు 750 కిలోలు. ఒక బండికి 702 గుఱ్ఱములు, మఱియొక దానికి 702 ఘన సెంటీమీటర్లు. బరువు ఎక్కువ మోయునది రెండవది! ఏస్ నాలుగున్నర సెకండ్లలో 60 మైళ్ల వేగము నందుకొనజాలదనుట నిజమే. టమాటా గంపలు గల బండికి ఆ వేగము కలిగినచో మార్కెట్టు యార్డునకు చేరునది రసమే.

ఇంధనపు ఖర్చును చెప్పి ముగింతుము. టి.ఆర్.ఎక్స్. గాలనునకు సగటున 12 మైళ్లు నడచునని అమెరికా ప్రభుత్వపు లెక్క. నూఱు కిలోమీటర్లకు సుమారు 20 లీటర్లు. అదియును మేలురకపు పెట్రోలు.

మన యువకులు టి.ఆర్.ఎక్స్.ను కొనబోరని మే మెఱుగుదుము. కాని ట్రాక్టరు కొనునపుడును, ట్రాలీ బండి కొనునపుడును, మొదట అశ్వశక్తి ఎంతయని అడిగి, మోయు బరువును అడుగక, దానికై పొలమును తనఖా పెట్టువారిని చూచుచునే యున్నాము. కావున వాహనపు అప్పునకు దరఖాస్తు చేయు సభ్యులు ఆ బండి ఎన్ని కిలోలు మోయును, లీటరున కెన్ని కిలోమీటర్లు నడచును, ఏడాదిలో ఎన్ని దినములు దానికి పని కలదు అను మూడు సంగతులను దరఖాస్తులోనే వ్రాయవలెననియు, అవి లేని దరఖాస్తును కార్యవర్గమువారు అంగీకరింపక త్రిప్పి పంపవలెననియు మా యభిప్రాయము.