యిర్మీయా మాట క్రిస్మస్ చెట్టుపై కాదు

గత సంచికలోని వ్యాసం బైబిలులోని యిర్మీయా గ్రంథం 10వ అధ్యాయాన్ని పట్టుకుని, క్రిస్మస్ చెట్టు పెట్టడం విగ్రహారాధనేనని తేల్చేసింది. అధ్యాయం మొత్తం చదివితే, అక్కడి గొడవ చెట్టుతో కాదని తెలుస్తుంది. మొద్దును చెక్కి, వెండి బంగారాలు తొడిగి, కదలకుండా మేకులు కొట్టి నిలిపిన బొమ్మ గురించి ఆ మాటలు. అసలు యిర్మీయా కాలానికి క్రిస్మస్ ఎక్కడిది?

బైబిలు చెట్టును తప్పుపట్టదనడానికి సాక్ష్యమైన దేవదారు సంగతి వ్యాసకర్త ఎత్తనే లేదు. సొలొమోను ఆలయం కోసం లెబానోనులో నరికిన దుంగలను తెప్పలు కట్టి, సముద్రం మీదుగా యొప్పేకు చేర్చారు. ఈ పనికి 30,000 మందిని వంతులవారీగా పంపారు: ఒక నెల లెబానోనులో, రెండు నెలలు ఇంటి దగ్గర. లోపలి గోడలకు దేవదారు పలకలు, నేలకు సరళవృక్షపు పలకలు, గర్భాలయం తలుపులకు ఒలీవ కర్ర. కుష్ఠు నయమైనవాడి శుద్ధికీ దేవదారు కర్ర కావాలి. హోషేయ చివరి అధ్యాయంలోనైతే దేవుడు తననే పచ్చని సరళవృక్షంతో పోల్చుకున్నాడు.

వ్యాసకర్తకు పనికొచ్చే ఘట్టం యెషయా 44లో ఉంది. ఒకే చెట్టులో సగంతో రొట్టె కాల్చుకుని, మిగతా సగాన్ని దేవుడిగా చెక్కి మొక్కుతాడొకడు. ప్రవక్త ఎగతాళి అక్కడా ఆ మనిషి మీదే.

– ఓ పాఠకుడు, తెనాలి