చల్లని ఇల్లు

ఈ మధ్య మేము కొత్తగూడ వైపు వెళ్ళినప్పుడు ఒక తల్లి మిట్టమధ్యాహ్నం ఇంట్లో ఉండలేక వేపచెట్టు కింద కూర్చొని ఉన్నది. తాతలనాటి మట్టిగోడల ఇల్లు పడగొట్టి, అప్పుచేసి స్లాబు పోయించుకున్నారు. "పాత ఇల్లే సల్లగుండె అయ్యా" అన్నది.

మాకు లారీ బేకర్ గారు జ్ఞాపకం వచ్చారు. 1917లో ఇంగ్లాండులో పుట్టిన ఈ క్వేకర్ విశ్వాసి ఆర్కిటెక్టు, బొమ్మలు గీయడంలోనూ దిట్ట. యుద్ధకాలంలో చైనాలో సేవచేసి తిరిగి వెళ్తూ, బొంబాయిలో ఓడకోసం ఆగినప్పుడు గాంధీగారిని కలిశారు. ఆయన కాళ్ళకున్న గుడ్డపీలికల జోళ్ళు గాంధీగారిని ఆకర్షించాయట! ఐదు మైళ్ళలోపు దొరికే సామగ్రితోనే ఇల్లు కట్టాలన్న గాంధీగారి మాటను బేకర్ కడవరకు మరువలేదు. 1945లో కుష్ఠురోగుల ఆసుపత్రుల పనిమీద మన దేశం వచ్చి, ఇక్కడే స్థిరపడ్డారు. హిమాలయ గ్రామాల ఇళ్ళే తనకు పాఠశాల అనేవారు.

తిరువనంతపురంలో ఆయన ఇటుకను పడుకోబెట్టక అంచుమీద నిలిపి, మధ్య ఖాళీ వదిలి గోడలు కట్టించారు. ఇటుకలు సుమారు నాలుగోవంతు మిగులుతాయి, లోపలి గాలి వేడిని ఆపుతుంది. స్లాబులో కాంక్రీటు అంతగా అవసరంలేని కిందిభాగాన పెంకులు పెట్టించేవారు. చెట్టు అడ్డువస్తే చెట్టును కాదు, గోడనే వంచేవారు. 1990లో పద్మశ్రీ పొందారు, 2007లో కన్నుమూశారు.

మట్టి ఇంటికి చెదలు, వాన బాధ ఉన్నమాట నిజమే. ఏటేటా అలుకుతూ నడుము విరుచుకొనేది ఆడవారే, అదీ మరువరాదు.

ఆ తల్లి పెరట్లో పాత గూనపెంకులు ఇంకా పేర్చి ఉన్నాయి. మేస్త్రీని పిలిచి, వంటసాల మీదనైనా వాటిని కప్పించుకొమ్మని చెప్పి వచ్చాము.