అమ్మకి చెప్పకూడదా?

క్రిందటి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనూ మా అమ్మాయీ కూర్చుని ఒక పాత ఇంగ్లీషు సినిమా చూశాం. ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ 1943లో తీసిన 'షాడో ఆఫ్ ఎ డౌట్'. హిచ్‌కాక్ అనగానే చాలామందికి 'సైకో'లో స్నానాల గది గుర్తొస్తుంది. ఇందులో అలాంటి బీభత్సమేం లేదు. అయినా సినిమా అయిపోయాక వంటింట్లో టీ పెడుతున్నా నా మనసు కుదుటపడలేదు. అందుకు కారణం సినిమాలోని హంతకుడు కాదు, పదమూడేళ్ల మా అమ్మాయి అడిగిన ప్రశ్న.

"ఆ అమ్మాయి వాళ్లమ్మకి ఎందుకు చెప్పలేదమ్మా?"

ఈ సినిమా గురించి మాట్లాడాలంటే ముగింపు కూడా చెప్పక తప్పదు. ఎనభై ఏళ్లు దాటిన సినిమా కదా, ఆ మాత్రం చనువు తీసుకుంటున్నాను, ఏమనుకోకండి.

కాలిఫోర్నియాలో శాంటా రోజా అనే ఊరు. తండ్రి బ్యాంకు ఉద్యోగి, తల్లి ఎమ్మా, ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి మేనమామ పేరే పెట్టుకున్నారు, చార్లీ అని. అమ్మ రోజంతా చాకిరీలో నలిగిపోతోందని, ఇంట్లో కొత్తగా ఏదీ జరగడం లేదని ఆ పిల్ల దిగులుపడుతుండగా మామయ్య రైలు దిగుతాడు. అక్కకి బొచ్చు వస్త్రం, బావకి చేతిగడియారం, మేనకోడలికి పచ్చ ఉంగరం తెస్తాడు. మేనమామ అంటే మనకి వేరే చెప్పాలా? పెళ్లిలో గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేవాడు. ఆ పిల్ల మురిసిపోవడం చూస్తే మన ఇళ్లే గుర్తొచ్చాయి.

అయితే ఆ ఉంగరం లోపల ఎవరివో పేర్ల పొడి అక్షరాలుంటాయి. మామయ్య పేపర్లో ఒక ముక్క చింపేసి దాచేస్తాడు. ఆ ముక్కలో ఏముందో తెలుసుకోవాలని చార్లీ రాత్రివేళ గ్రంథాలయానికి పరుగెత్తి, తలుపులు మూసే సమయానికి బతిమాలుకుని లోపలికి వెళుతుంది. డబ్బున్న వితంతువులను గొంతు నులిమి చంపుతున్నవాడి కోసం పోలీసులు వెతుకుతున్నారన్న వార్త అది. చనిపోయిన ఒకావిడ పేరుకీ ఉంగరంలోని అక్షరాలకీ లంకె కుదురుతుంది. అక్కణ్ణించి ఆ పిల్ల నడక మారిపోతుంది. టెరెసా రైట్ ఆ పాత్రని ఎంత బాగా చేసిందంటే, ఒక్క మాటా అనకుండానే ఆ అమ్మాయి పెద్దదైపోవడం మనకి కనిపిస్తుంది.

మామయ్యగా వేసిన జోసెఫ్ కాటన్ భోజనాల బల్ల దగ్గర మాట్లాడే సీను ఒకటుంది. మొగుళ్లు సంపాదించిపోయిన డబ్బు తింటూ కూర్చునే వితంతువులు మనుషులే కారన్నట్టు మాట్లాడతాడు. వాళ్లూ మనుషులే కదా అంటుంది మేనకోడలు. అతను మెల్లిగా మనవైపు తిరుగుతాడు. ఆ మొహం చూసి నాకు చేతులు చల్లబడ్డాయి. భర్త పోయిన ఆడవాళ్ల గురించి అంత కసిగా కాకపోయినా, అదే అర్థం వచ్చే మాటలు పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎన్ని వినలేదు మనం? నవ్వుతూ అంటారు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. తమాషా ఏమిటంటే అదే ఇంట్లో తండ్రి, పక్కింటాయన సరదాకి రోజూ కూర్చుని, దొరక్కుండా ఎవర్నయినా ఎలా చంపొచ్చా అని చర్చించుకుంటూ ఉంటారు. అసలు హంతకుడికి అన్నం పెడుతున్నామని మాత్రం వాళ్లకి తెలీదు.

ఇక మా అమ్మాయి ప్రశ్న. చార్లీ డిటెక్టివుని వేడుకుంటుంది, అరెస్టు చేసేదేదో ఊరి బయట చేయమని. ఎందుకంటే అమ్మ తట్టుకోలేదు. ఇంతలో దేశానికి అవతలి వైపున పోలీసులు అనుమానించిన ఇంకొకడు వాళ్లని తప్పించుకుని పారిపోతూ చచ్చిపోతాడు. వాడే హంతకుడనుకుని పోలీసులు వెళ్లిపోతారు. నిజం తెలిసిన మనిషి ఇంట్లో ఆ పిల్ల ఒక్కతే మిగులుతుంది. పెరటి మెట్లు విరుగుతాయి. కారు షెడ్డులో పొగ కమ్ముకుని ఊపిరాడక చావబోతే, పక్కింటాయన అరుపులు విని కాపాడతాడు. అయినా అమ్మకి చెప్పదు. చివరికి కదులుతున్న రైల్లోంచి మామయ్య ఆ పిల్లని తోసేయబోతాడు. ఆ పెనుగులాటలో తనే ఎదురుగా వచ్చే రైలు కింద పడతాడు. ఊరు ఊరంతా అంతిమయాత్రకి వస్తుంది. లోపల పాదిరీ ఆయన మంచితనాన్ని పొగుడుతుంటే చార్లీ, డిటెక్టివు బయట నిలబడి ఉంటారు. నిజం వాళ్లిద్దరి మధ్యే ఉండిపోతుంది.

ఆ సీను దగ్గర నాకు మా చుట్టాలింట్లో ఒక పెద్దాయన పన్నెండో రోజు గుర్తొచ్చింది. వచ్చినవాళ్లంతా ఆయన దానధర్మాలు తలుచుకుంటున్నారు. మా వదిన వరసావిడ ఒకామె వడ్డిస్తున్నదల్లా గిన్నె కింద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. తలనొప్పి అని అందరం అనుకున్నాం. చిన్నప్పుడు సెలవులకి ఆ ఇంటికి పంపినప్పుడల్లా తను ఏం భరించిందో పదేళ్ల తర్వాత నాకు చెప్పింది. "అమ్మకి చెబితే గుండె ఆగి చచ్చిపోతుందని ఊరుకున్నా" అంది. వాళ్లమ్మ అప్పటికి పోయి రెండేళ్లయింది. తీరా పోయింది గుండె జబ్బుతో కూడా కాదు.

అందుకే నాకు ఎమ్మా మీదే దృష్టి నిలిచింది. పెట్రీషియా కోలింజ్ వేసిన ఆ తల్లిని చాలామంది అమాయకురాలంటారు. నేనొప్పుకోను. సర్వే పేరుతో వచ్చినవాళ్లు ఆవిడ కేకు చేస్తుండగా ఫోటో తీస్తామని, ముందు గుడ్డు పగలగొట్టమంటారు. కుదరదంటుంది. వెన్న, చక్కెర కలిపాకే గుడ్డు. ఫోటో కోసమైనా వరస తప్పనివ్వదు. (స్క్రీన్‌ప్లే రాసిన ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు, శాలీ బెన్సన్, హిచ్‌కాక్ భార్య అల్మా రెవిల్. ఆ సీను వాళ్లదేనని నా ఊహ.) తమ్ముడు వెళ్లిపోతానన్నప్పుడు ఆవిడ అందరి ముందూ ఏడ్చేస్తుంది. పెళ్లయ్యాక ఆడది తనెవరో తనే మరిచిపోతుందని, తమ్ముడొస్తే అది మళ్లీ గుర్తొచ్చిందని అంటుంది. అక్కడ నేనూ కళ్లు తుడుచుకున్నాను, దాచుకోవడమెందుకు?

ఇంకా చిన్న సంగతి ఒకటుంది. షెడ్డులో ప్రమాదం తర్వాత ఎమ్మా కార్లో కూర్చుని తనలో తనే అనుకుంటుంది, మొన్న మెట్లు, ఇవాళ ఇది, ఏమిటిదంతా అని. అంతే. కారు వెళ్లిపోతుంది. ఆవిడకి లెక్క అందబోతోంది. పక్కన ఒక్కరు కూర్చుని ఒక్క మాట అందిస్తే చాలు.

తల్లిని కాపాడాలనే ఆ పిల్ల ప్రేమని నేను తప్పు పట్టను. కానీ పందొమ్మిదేళ్లు కూడా దాటినట్టు లేని పిల్ల చావుకి ఎదురు నిలవగలదట, పిల్లల్ని కని పెంచిన ఆడది ఒక నిజాన్ని వినలేదట! ఈ లెక్క ఎవరు కట్టారు? 'అమ్మ తట్టుకోలేదు' అని మనకి మనమే అనుకుంటాం. అమ్మని ఎవరూ అడగరు. ఆ మాట పుణ్యమా అని బతికిపోయేది మాత్రం ప్రతిసారీ ఆ మామయ్యలే. పోనీ పోయినవాడి పరువు తీయడమెందుకంటారా? పరువు సంగతి సరే, ఎమ్మా మిగిలిన జీవితమంతా తన కూతుర్ని చంపబోయినవాడి ఫోటో దగ్గర పువ్వులు పెట్టుకుంటూ ఉంటుంది. కూతురు అదే ఇంట్లో ఆ పువ్వుల్ని చూస్తూ తిరగాలి. సినిమా ఆ సంగతి చూపించదు. నాకు మాత్రం రెండు రోజులు అదే కళ్ల ముందు ఆడింది.

నిన్న రాత్రి పక్కలు వేస్తుంటే మా అమ్మాయే మళ్లీ ఎత్తింది.

"నేనైతే నీకు చెప్పాలా?"

"చెప్పాలి."

"నువ్వు ఏడుస్తావుగా?"

"ఏడుస్తాను. ఏడుస్తూనే వింటాలే."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత దుప్పటి మెడదాకా లాక్కుని, వాళ్ల క్లాసులో ఒకమ్మాయి నెల రోజులుగా ట్యూషనుకి ఎందుకు రావడం లేదో చెప్పడం మొదలుపెట్టింది. నేను లైటు ఆర్పకుండా పక్కన కూర్చున్నాను.